ప్లేటు ఖాళీ

ఆయన నోటితో బతికేవాడు. ఇది మాటవరసకి అన్న మాట కాదు, జీతం నోటికే ఇచ్చేవారు. బస్టాండులో ఒక గాజుగదిలో కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో, ఏది ఇక రానే రాదో మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ గొంతు లేస్తే నిద్రపోతున్న ప్రయాణికుడు లేచేవాడు, లేచి ఉన్నవాడు ఉలిక్కిపడేవాడు, చంకలో పిల్ల ఏడుపు ఆపేసి, నన్ను మించినవాడెవడా అన్నట్టు పైకి చూసేది. ఊరందరికీ ఆయన పేరు మైకే. చేతిలో మైకు లేకపోయినా మైకే. ఇంట్లో భార్య "కాస్త సౌండు తగ్గించండి" అంటే, అన్నది టీవీనో తండ్రినో తేల్చుకోలేక పిల్లలు టీవీ కట్టేసేవారు. అది కట్టెయ్యడం సులువు మరి.

ఒక్క మనిషికి మాత్రం ఆయన మైకు కాదు, బొజ్జ. ఆ మనిషి ఆయన అక్క.

తల్లి పోయేనాటికి అక్కకి పెళ్ళీడు, తమ్ముడికి పాలపళ్ళు ఊడే ఈడు. వాడి ఒంటిమీద ఎముకలు బయటికొచ్చి నిలబడ్డట్టుండేవి. వాడికి కాస్త కండ పట్టాలని ఆవిడ ముందుగానే పేరు పెట్టేసింది. పేరు ముందొచ్చింది, బొజ్జ చాలా ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది, ఆయన ప్రకటించే బస్సుల్లాగే. ఆవిడ ఫ్యాక్టరీ క్యాంటీనులో వడ్డించేది. అందరూ తిని లేచాక మిగిలిందేదో ఇంటికి తెచ్చి, ముందు తమ్ముడి కడుపు మీద చెయ్యి పెట్టి నొక్కి చూసేది. మెత్తగా లోపలికి పోతే తినలేదని, బిగువుగా ఉంటే తిన్నాడని. "తిన్నావా రా?" అని నోటిని అడిగినా, జవాబు మాత్రం కడుపు దగ్గరే తీసుకునేది. వాడికి పెట్టాకే తాను తినేది. పెళ్ళయ్యాకా అంతే. బావ పోయాకా అంతే. ఆవిడకి పిల్లల్లేరు, ఉన్న ఒక్క పిల్లాడూ ఈ తమ్ముడే.

షుగరుని తియ్యటి జబ్బంటారు గాని, దానికి చేతనైన పని తియ్యడమొక్కటే. ముందు ఆవిడ కాలివేళ్ళలో స్పర్శ తీసింది, తరవాత కంటిచూపులో సగం తీసింది. మిగిలినదాన్ని మరుపు వచ్చి మూట కట్టుకుంది. వేసుకున్న ఇన్సులిన్ సూది మళ్ళీ వేసుకుని, తినని అన్నం తిన్నాననుకుని, ఒకనాడు వంటింట్లో నేలమీద పడి ఉంది. ఆ తరవాతే ఆవిడని వృద్ధుల హోమ్‌లో చేర్చారు.

హోమ్‌కి రెండంతస్తులు. కింద, తమ చేత్తో తాము తినేవాళ్ళు. పైన, ఒకరు నోట్లో పెడితే తప్ప తిననివాళ్ళు. కిందివాళ్ళ దగ్గరికి చుట్టాలు భోజనం వేళ కూడా వచ్చి కూర్చోవచ్చు. పైన అలా కుదరదు, సాయంత్రం కాసేపు చూసి వెళ్ళిపోవాలి. తిండి సరిగ్గా తిననివాళ్ళని పైకి పంపేస్తారు.

"సరిగ్గా తినకపోతే పైకి పంపేస్తామండీ" అని నర్సు మొదటిరోజే అన్నప్పుడు మైకు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"మేడమీదికి" అంది నర్సు.

"హమ్మయ్య. అయితే అక్కణ్ణించి ఇంకా పైకి పంపే శాఖ వేరే ఉందన్నమాట."

నర్సు నవ్వలేదు. చేతిలో ట్రే, ట్రేలో సూదులు, కళ్ళలో నిద్రలేమి ఉన్న మనిషి. "ముందు సూది, వెంటనే ప్లేటు" అంది. "సూది వేశాక చక్కెర దిగడం మొదలవుతుంది. దాన్ని తిండి ఆపాలి. తిండి పడకపోతే మనిషి పడుతుంది."

"సూదికీ సూపుకీ ఎక్కువ ఎడం ఉండకూడదు. అంతేగా? బస్సు కదిలేలోపు ప్రయాణికుడు ఎక్కాలి. ఎక్కకపోతే బస్సు ఖాళీగా పోతుంది."

"ఈ బస్సు ఖాళీగా పోదండీ" అంది నర్సు. "మనిషిని పట్టుకుపోతుంది."

తన పోలికని తనకే తిప్పికొట్టిన మనిషిని మైకు అప్పుడే మొదటిసారి చూశాడు. కాస్త గౌరవం కలిగింది. కాస్త భయం కూడా.

డ్యూటీ కుదిరిన రోజుల్లో మైకు మధ్యాహ్నం హోమ్‌కి వచ్చేవాడు. కిటికీ పక్క టేబులు అక్కది. పక్క టేబులు పెద్దాయన తన కట్టుడు పళ్ళు నీళ్ళ గ్లాసులో వేసి, "ముందు వాటిని తాగనీ, తరవాత నేను తింటా" అని ఆయాతో పేచీ పెట్టేవాడు. అక్క ముందు ప్లేటు వచ్చేది. మెదిపిన బంగాళాదుంప, ఉడికిన క్యారెట్టు, సూపు, రెండు బ్రెడ్డు ముక్కలు. ఆవిడ చెంచా పట్టుకుని, ఎదురుగా ఉన్న మనిషిని తెలియని మనిషిని చూసినట్టు చూసేది. తరవాత టేబులు మీదుగా చెయ్యి చాపి ఆయన కడుపు నొక్కేది. అది లోపలికి పోయేది.

"ఒరేయ్ బొజ్జా! ఇంకా తినలేదా రా?"

అంతే. ఊళ్ళో అందరినీ పేరుపెట్టి పిలిచే ఆ పెద్ద నోరు చంటిపిల్లాడి నోరులా తెరుచుకునేది. అక్క చెంచాతో ఒక ముద్ద పెట్టేది. "నములు. మింగకు, నములు." ఇంకో ముద్ద. మధ్యలో ఒకటి తాను. మళ్ళీ వాడికి. ఆ కాసేపూ ఆవిడకి అన్నీ గుర్తే. తల్లి చీర రంగు, క్యాంటీను సూపర్వైజరు నత్తి, ఈ వెధవ బడి ఎగ్గొట్టి గోడ దూకి మోకాలు పగలగొట్టుకోవడం, అన్నీ.

నిండు కడుపుతో వెళ్ళి చూద్దామని ఒకసారి ఆయనకే బుద్ధి పుట్టింది. దారిలో శుభ్రంగా తినేసి వెళ్ళాడు. అక్క కడుపు నొక్కింది. బిగువుగా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. తన ప్లేటు తాను మొత్తం తింది, మూతి తుడుచుకుంది, లేచేటప్పుడు ఎంతో మర్యాదగా అడిగింది.

"తమరెవరి తాలూకండీ?"

మళ్ళీ ఆయన నిండు కడుపుతో రాలేదు.

భార్య కట్టిచ్చిన క్యారియరు బస్టాండులో స్వీపరుకిచ్చి, ఆకలితోనే వచ్చేవాడు. "ఈమధ్య క్యారియరు అంత నున్నగా ఖాళీ చేస్తున్నారు, ఇంటికొచ్చి మళ్ళీ కరువులో పుట్టినట్టు తింటున్నారు. కడుపులో ఇంకో మనిషిని పెట్టుకున్నారా?" అని భార్య దెప్పేది. "నాకు నోరు పెద్దది, కడుపుకి దానితో పోటీ" అనేవాడు. నోటికి ఎప్పుడూ ఏదో ఒకటి దొరికేది.

భోజనమయ్యాక ఆయా ప్లేట్లు తీయడానికి వచ్చేది. ప్రతి టేబులు దగ్గరా ఎంత తిన్నారో చూసి నర్సుకి చెప్పాలి. సగం, పావు, అసలు లేదు, అలా.

"అమ్మగారు ఎంత తిన్నారు మైకుబాబూ?"

"చూసుకో. ప్లేటు ఖాళీ!" హాలంతా వినపడేలా ప్రకటించేవాడు. "శుభ్రం! కడగక్కర్లేదు, తుడిస్తే చాలు."

అదేమీ అబద్ధం కాదనుకునేవాడు. ప్లేటు ఖాళీ అన్నాడు, ప్లేటు ఖాళీయే. అక్క కడుపు సంగతి ఎవరూ అడగలేదు. నిజం చెబితే ఏమవుతుందో తెలుసు. 'ఆవిడ తినడం లేదు' అంటారు, పైకి పంపుతారు. పైన మధ్యాహ్నం ఉండదు, టేబులు ఉండదు, చెయ్యి చాపి కడుపు నొక్కడం ఉండదు. సాయంత్రాలు వచ్చి 'తమరెవరి తాలూకు' అనిపించుకుని వెళ్ళడమే.

ఒకనాడు నర్సు వరండాలో ఆపింది.

"మీ అక్కగారి షుగరు నాకు అంతు పట్టడం లేదండీ. మీరు రాని రోజుల్లో బాగుంటోంది. 'బొజ్జ తిన్నాడా' అని ఆయాని అడుగుతారు, 'తిన్నాడమ్మా' అంటే మొత్తం తినేస్తారు. మీరొచ్చిన రోజు కూడా మొత్తం తింటున్నారు కదా, మరి సాయంత్రానికి ఎందుకు పడిపోతోంది?"

"నన్ను చూస్తే చక్కెరక్కూడా తల దించుకోవాలనిపిస్తుందేమో సిస్టర్."

"నేను హాస్యానికి అడగలేదు."

"నేనూ హాస్యానికి చెప్పలేదు. నా మొహం అలాంటిది."

నర్సు ఆయన మొహంలోకి చూసింది. "ఏమైనా ఉంటే చెప్పండి. చెబితే చూసుకోవచ్చు."

మైకు నోరు తెరిచాడు. మాట పెదవి దాకా వచ్చింది. మేడమెట్లు కనిపించాయి, మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ నోరు దానంతటది మూతపడింది ఆ ఒక్కసారే. పడకూడని చోట పడింది.

ఆ తరవాత కొన్నాళ్ళకి, ఒకరోజు బస్టాండులో బస్సులన్నీ తారుమారయ్యాయి. పొద్దుట్నించీ అరిచీ అరిచీ మైకు గొంతు బొంగురుపోయింది. టీ తప్ప ఏమీ పడలేదు. హోమ్‌కి ఫోన్ చేసి, "వస్తున్నానని అక్కతో చెప్పండి" అన్నాడు. ఆయా చెప్పింది. అదే కొంప ముంచింది. వస్తున్నాడని తెలిశాక అక్క ప్లేటు ముట్టుకోలేదు. సూదేమో వేళకే పడింది. సూపు మీద మీగడలా పొర కట్టింది. ఆవిడ చెంచా పట్టుకుని గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది.

మైకు ఆయాసపడుతూ వచ్చి కూర్చునేసరికి హాలు సగం ఖాళీ. కూర్చుంటుండగానే ఆయన కడుపు గుర్రుమంది. ఆ కడుపుకి కూడా పక్క టేబులు దాకా వినపడే గొంతే. అక్క మొహం విప్పారింది.

"బొజ్జా! ఎక్కడ తిరిగొచ్చావురా? పేగులు అరుస్తున్నాయి."

"అరవడం నా ఉద్యోగం కదే."

"నోరు తెరు."

తెరిచాడు. ఆ రోజు ఆకలి ఉత్తుత్తి ఆకలి కాదు. చల్లారిన బంగాళాదుంప ముద్ద నాలుక మీద కరిగిపోతుంటే, ఇంకోటి, ఇంకోటి అని కడుపే లాక్కుంది. అక్క చెయ్యి వణుకుతోంది. సంతోషంతో అనుకున్నాడు. బ్రెడ్డు సూపులో ముంచి పెట్టింది. తాను ఎన్నిసార్లు తిందో ఆయన చూడలేదు. తిన్నదా అన్నదీ చూడలేదు. ప్లేటు అడుగు కనిపించినప్పుడు మాత్రం చూశాడు.

"గంట కొట్టారా?" అంది అక్క.

"ఏ గంటే?"

"రెండో షిఫ్టు వాళ్ళొస్తారు. ఇంకా బల్లలు తుడవలేదు."

ఎప్పుడూ మాట్లాడే క్యాంటీను మాటలే. ఆవిడ నుదుటి నిండా చెమట. మైకు జేబురుమాలు తీసి తుడిచాడు. మెడ కూడా తుడిచాడు. రుమాలు తడిసిపోయింది. "ఉక్కగా ఉంది కదా" అని ఫ్యాను పెద్దది చేశాడు. అక్క తల కుర్చీ వీపుకి ఆనింది, కళ్ళు వాలిపోయాయి. తినిపించి అలిసిపోయింది పిచ్చిది అనుకుని, పాదాలు ముడుచుకోకుండా స్టూలు జరిపి పైన పెట్టాడు. డ్యూటీకి వేళైపోతోంది.

ఆయా వచ్చింది. "ఎంత తిన్నారు బాబూ?"

"ప్లేటు ఖాళీ!" బొంగురు గొంతుతోనే ప్రకటించాడు. "కడుపు నిండా తింది. కునుకు పట్టింది. లేపకండి, కాసేపు పడుకోనివ్వండి."

కడుపు నిండా తిన్న మనిషి నిద్రపోతే ఎవరు లేపుతారు? ఎవరూ లేపలేదు. ఆయా ఆ పక్కగా వెళ్ళినప్పుడల్లా ఫ్యాను గాలికి ఎగురుతున్న చీరచెంగు సర్ది వెళ్ళింది. సాయంత్రం షుగరు చూడ్డానికి నర్సు వచ్చి, భుజం తట్టి, మళ్ళీ తట్టి, ఆ తరవాత పరిగెత్తింది.

ఫోన్ వచ్చేసరికి మైకు గాజుగదిలో ప్రకటన మధ్యలో ఉన్నాడు.

"నేను నర్సుని. మీ అక్కగారిని ఆసుపత్రికి తీసుకొచ్చాం. స్పృహ లేదు. గ్లూకోజు ఎక్కిస్తున్నారు. చక్కెర ఎంతసేపటి నించి పడిపోయి ఉందో డాక్టరుగారు అడుగుతున్నారు. నిజం చెప్పండి. మధ్యాహ్నం ఆవిడ ఎంత తిన్నారు?"

"ప్లేటు..." అన్నాడు.

"ప్లేటు సంగతి కాదు. ఆవిడ."

"ఆవిడ తినలేదు సిస్టర్. నేను తిన్నాను. ఆవిడ పెట్టింది, నేను తిన్నాను. వచ్చిన రోజల్లా నేనే తిన్నాను."

కింద బస్టాండు ఒక్కసారి నిశ్శబ్దమైంది. సంచులు సర్దుకుంటున్నవాళ్ళు ఆగిపోయారు, కండక్టర్లు తలలెత్తారు, ఒక ముసలమ్మ గాజుగది వైపు కళ్ళు చికిలించి చూసింది. అప్పుడు చూసుకున్నాడు మైకు. ఎదురుగా ఉన్న మైకు స్విచ్చి కట్టెయ్యలేదు. ఆ మాట ప్రతి ప్లాట్‌ఫారానికీ చేరింది. బస్సుల వేళలు చెప్పినంత స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా.

అక్క బతికింది. బతికిందనే అన్నారు డాక్టర్లు, ఇంకే మాట వాడాలో వాళ్ళకీ తెలియక. కళ్ళు తెరిచింది, నీళ్ళు పోస్తే మింగింది. మెదడుకి చాలాసేపు చక్కెర అందలేదు, తిరిగొచ్చింది ఇంతే, ఇక రాదు అన్నారు. 'ఇక రాదు' అన్న మాట మైకు కొన్ని వేలసార్లు మైకులో చెప్పినవాడే. విన్నవాళ్ళు బెంచీ మీద నుంచి ఎందుకు లేవలేకపోయేవారో అప్పుడు తెలిసింది.

ఆసుపత్రి వరండాలో నర్సు పక్కన కూర్చున్నాడు.

"పైకి పంపేస్తారని చెప్పలేదు" అన్నాడు. అంత చిన్న గొంతు ఆయన దగ్గర ఉందని ఆయనకే తెలియదు.

"తిననివాళ్ళని పంపుతాం. ఆవిడ తింటారండీ. మీకు పెట్టాక తింటారు." నర్సు చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసే చూస్తోంది. "డాక్టరుగారినడిగి, తిన్న తరవాతే సూది వేసేదాన్ని. ఎంత తింటే అంతకి. అలా వేయించుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు కిందే. మీకు వేరే ప్లేటు పెట్టించేదాన్ని. ఇంకో ప్లేటు బంగాళాదుంపకి ఎవరేమంటారు?"

అక్క చెమట తుడిచిన రుమాలు మైకు జేబులోంచి తీసి మడత పెట్టాడు.

"నేనూ గట్టిగా అడగాల్సింది" అంది. "మీరు నవ్వించి తప్పించుకుంటున్నారని తెలుస్తూనే ఉంది."

అక్కని మేడమీదికి మార్చారు. పైన మనుషులు చాలక, మధ్యాహ్నం మీరే వచ్చి తినిపించండని నర్సు ఎవరితోనో మాట్లాడి అనుమతి ఇప్పించింది. అదొక్కటే అడగాలనుకున్నాడు ఆయన ఇన్నాళ్ళూ, అదే ఇచ్చారు.

ఇప్పుడు అన్నీ వేళకి జరుగుతున్నాయి. ముందు ప్లేటు, తరవాత సూది. అక్క మంచం తల వైపు ఎత్తి పెడతారు. మైకు చెంచాతో పెడతాడు. ఆవిడ నోరు తెరుస్తుంది, మింగుతుంది, తెరుస్తుంది. ఎవరు పెట్టినా తెరుస్తుంది. ఆయా పెట్టినా, పక్క మంచం వాళ్ళ కోడలు పెట్టినా. చక్కెర చక్కగా ఉంది. పడడం లేదు, లేవడం లేదు. డాక్టరు చూసి ఇంత బాగా ఎప్పుడూ లేదన్నాడు.

భార్య క్యారియరు కట్టివ్వడం మానలేదు. "ముందు తిని వెళ్ళండి, ఇంక ఎవరికోసం మాడతారు?" అంది ఒకసారి, అని నాలుక కరుచుకుంది. ఆయన క్యారియరు స్వీపరుకి ఇవ్వడమూ మానలేదు.

ఆ మధ్యాహ్నం కూడా ఆకలితోనే వచ్చాడు. మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు. రెండు చెంచాలయ్యాక, చెంచా ఆవిడ చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, ఆ చేతిని మెల్లగా తన నోటి దాకా తెచ్చుకున్నాడు. నోరు తెరిచాడు. చెంచా ఆవిడ వేళ్ళలోంచి జారి దుప్పటి మీద పడింది. తుడిచాడు. చెయ్యి తీసుకుని తన కడుపు మీద పెట్టుకున్నాడు. అది పెట్టినచోటే పడి ఉంది, నొక్కలేదు. అప్పుడు కడుపు గుర్రుమంది. గది ఆ చివర మంచం మీది ముసలాయన ఉరిమిందనుకుని కిటికీ వైపు చూశాడు.

అక్క చూడలేదు. తరవాతి చెంచా కోసం నోరు తెరిచి ఉంది.

మైకు పెట్టాడు. ప్లేటు అడుగు కనిపించేదాకా పెట్టాడు. సూపు గిన్నె వంచి చివరి చుక్క కూడా ఆవిడకే పోశాడు.

నర్సు సూది పట్టుకుని వచ్చింది. "ఎంత తిన్నారు?"

"మొత్తం" అన్నాడు. పక్క మంచానికి కూడా వినపడలేదు.

నర్సు ఒక్క క్షణం ఆగింది.

"మొత్తం ఆవిడే" అన్నాడు మైకు, చెంచా గిన్నెలో పెట్టి.

నర్సు సూది వేసింది.